మా అమ్మ ఎత్తు

నా చిన్నప్పుడు మా మేనత్త నవ్విన ఒక నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అరవైకి దగ్గరపడ్డాను, మోకాళ్లు అరిగాయి, చాలామంది మీద ఉన్న కోపాలు వాటంతటవే పోయాయి. ఆ నవ్వు మీద కోపం మాత్రం పోలేదు. పోవాలని నేను పెద్దగా కోరుకున్నదీ లేదు.

మాది వికారాబాద్. మా నాన్నకు మార్కెట్ దగ్గర కిరాణా దుకాణం, దాని వెనకే ఇల్లు. నాకు ఊహ తెలుస్తున్న వయసులో మా అమ్మ జ్వరంతో పోయింది. మామూలు జ్వరమే అనుకున్నారట, దుకాణంలో పండగ గిరాకీ ఉందట, ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి ఆలస్యమైందట. ఈ ‘అట’లన్నీ నేను పెద్దయ్యాక నలుగురి దగ్గరా విని పోగేసుకున్నవి. అప్పట్లో నాకెవరూ ఏమీ చెప్పలేదు. మరుసటి ఏడు మా నాన్న మర్పల్లి నుంచి మాకేమీ కాని ఒకామెను పెళ్లి చేసుకుని తెచ్చాడు. ఆమెను చిన్నమ్మ అని పిలిచేదాన్ని. అమ్మ చీరలు మా మేనత్త తన ఇష్టం వచ్చినవాళ్లకు పంచిపెట్టింది. అమ్మ పేరు ఎత్తితే మా నాన్న లేచి దుకాణంలోకి వెళ్లిపోయేవాడు. ఒక మనిషిని ఇంట్లోంచి ఇంత శుభ్రంగా తుడిచెయ్యవచ్చని నాకు ఆ వయసులోనే తెలిసింది.

నా దగ్గర మిగిలింది ఒక ఫోటో. తాండూరులో మా అమ్మమ్మ ఇంటి వాకిట్లో, తలుపు చౌకట్టుకు ఆనుకుని అమ్మ నిలబడి ఉంటుంది. కాళ్ల పక్కన ఒక చెంబు. పెళ్లి ఫోటో కూడా ఉండేది గానీ అందులో ఇద్దరూ కుర్చీల్లో కూర్చునే ఉన్నారు. అమ్మ నిలువునా కనిపించేది ఈ ఒక్కదాంట్లోనే. నాన్న పెట్టెలోంచి ఎవరికీ తెలియకుండా తీసుకుని నా పుస్తకాల అడుగున దాచుకున్నాను.

అప్పటికే అమ్మ ముఖం నాకు కొంచెం కొంచెంగా చెరిగిపోతోంది. కానీ ఆమె చాలా పొడుగు మనిషి అని మాత్రం గట్టిగా గుర్తు. నేను తలెత్తి చూస్తే ఆమె ముఖం ఎక్కడో పైన, దూలాల దగ్గర ఉండేది. ఆ గుర్తు పట్టుకునే నేను బతుకుతుండేదాన్ని.

అయిదో తరగతిలో ఉన్నాను అనుకుంటాను. ఒకనాడు మా మేనత్త వచ్చి వంటింట్లో కూర్చుని ఉంది. చిన్నమ్మ చెయ్యి చాపి పై అరలోని పచ్చడి జాడీని అలవోకగా దించింది. అది చూసి మా మేనత్త పకపకా నవ్వింది.

“మొదటిదుండె చూడు, గా జాడీ దించాలంటే ఎప్పుడు స్టూలే. పొట్టిది! మా తమ్ముని పక్కన నిలబడితే చిన్నపిల్ల లెక్క కనిపిస్తుండె.”

నాకు ఒళ్లంతా మంట పుట్టింది. “మా అమ్మ నీకన్న పొడుగు!” అని అరిచాను. ఆమె ఇంకా గట్టిగా నవ్వింది. చేతికందిన ఇత్తడి గ్లాసు విసిరాను; అది గోడకు తగిలి సొట్టపోయింది. చప్పుడుకు మా నాన్న వచ్చాడు. నేను ఆయన వైపే చూశాను. ఆమెతో ఏళ్ల తరబడి కాపురం చేసిన మనిషి, ఒక్క మాట చెబితే తేలిపోతుంది. “గా ముచ్చట ఇప్పుడెందుకు?” అని గ్లాసు తీసి అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. మేనత్త నవ్వు ఒక దెబ్బ, అది ఇంకో దెబ్బ. రెండోదే గట్టిగా తగిలింది.

పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చుని ఉన్నాను. చిన్నమ్మ వచ్చింది. కొడుతుందనుకున్నాను, లేకపోతే జాలిపడుతుందనుకున్నాను. జాలిపడితే కరుద్దామని కూడా సిద్ధంగా ఉన్నాను. ఆమె రెండూ చెయ్యలేదు.

“నేను మీ అమ్మను చూడలే,” అంది. “ఎంతుండెనో నాకు ఎర్క లేదు. మీ అత్త మాట నేను నమ్మ, నీ మాట గూడ నమ్మ. నిలబడి దిగిన ఫోటో ఏదన్న ఉంటే చెప్పు, కనుక్కుందాం.”

నా మాట కూడా నమ్మనంది! ఆ కోపంతో చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు. అమ్మ జాగాలో వచ్చి కూర్చున్న మనిషికి అమ్మ ఫోటో ఎందుకు చూపించాలి? కానీ మళ్లీ ఒకసారి మా మేనత్త ఇరుగుపొరుగు ఆడవాళ్ల ముందు తన చెయ్యి చంక దాకా పెట్టి, “గింతే ఉండె” అని చూపించి నవ్వించింది. ఆ సాయంత్రం నేను ఫోటో తెచ్చి చిన్నమ్మ ముందు పడేశాను. ఇవ్వలేదు, పడేశాను.

ఆమె దాన్ని కొంగుతో తుడిచి చాలాసేపు చూసింది. ఆమె ఇంటర్ దాకా చదివింది, లెక్కలంటే ఇష్టం. నా బడి స్కేలు తెమ్మంది. ఫోటోలో చౌకట్టు కింది నుంచి పై దాకా తొమ్మిది సెంటీమీటర్లు. అమ్మ ఏడున్నర మీద ఒక గీత, అంటే ఏడు పాయింట్ ఆరు. చెంబు సెంటీమీటరుకు రెండు గీతలు తక్కువ.

“ఇగ నువ్వు చెప్పు, ఎట్ల కనుక్కుంటవ్?”

నాకు వెంటనే తట్టింది. మా ఇంటి తలుపు కొలిచాను, రెండు వందల సెంటీమీటర్లు వచ్చింది. అమ్మమ్మ ఇంటి తలుపూ అంతే ఉంటుంది కదా అనుకున్నాను. తొమ్మిది రెండు వందలైందంటే నూట తొంభై ఒకటి పెరిగింది. అమ్మకూ అంతే కలిపాను. నూట తొంభై ఎనిమిది పైన! మా నాన్న కంటే పొడుగు, మా మేనత్త కంటే ఎంతో పొడుగు, ఇంట్లో అందరికంటే పొడుగు. నేను గంతులేశాను. అప్పుడే పరుగెత్తుకెళ్లి మేనత్తకు చెబుదామనుకున్నాను.

చిన్నమ్మ నన్ను ఆపలేదు. చెంబు మీద వేలు పెట్టి, “దీనికి గూడ గంతే కలుపు” అంది.

కలిపాను. చెంబు నూట తొంభై ఒకటి దాటింది. మా ఇంటి తలుపంత చెంబు.

“గా చెంబుల నువ్వు పడితే నిన్ను తాడేసి తియ్యాలె,” అంది. నవ్వొచ్చింది, కానీ ఆమె ముందు నవ్వదలుచుకోలేదు. కాగితం చింపేశాను. ఆమె ఇంకో కాగితం తెచ్చింది.

“కలిపితే రాదు బిడ్డా. ఫోటో అన్నిట్ల నుంచి ఒకే అంత కోసేయదు. కోస్తే ఏనుగుల నుంచి ఎంత కోసిందో ఎలుకల నుంచి గంత కోయాలె గదా, అప్పుడు ఎలుక మిగులుతదా? ఫోటో అన్నిటిని ఒక్క తీరుగ చిన్నగ చేస్తది. ఏనుగు పదో వంతు అయితే ఎలుక గూడ పదో వంతే. గా తలుపు ఎన్నో వంతు అయ్యిందో తెలిస్తే మీ అమ్మ గూడ గన్నో వంతే. చౌకట్టుకు ఆనుకుని నిలబడ్డది కాబట్టి లెక్క కుదురుతది. ముందలికి వచ్చి నిలబడుంటే పెద్దగ కనిపిస్తుండె, కుదరకపోతుండె.”

“మరి అమ్మమ్మ ఇంటి తలుపు మనింటి తలుపంతే ఉంటది” అన్నాను.

“ఉంటది అనుకుంటే కాదు. గా తలుపునే కొలవాలె.”

అక్కడ చిక్కొచ్చింది. అమ్మ పోయిననాడు శవం దగ్గరే మా అమ్మమ్మ మా నాన్నను నలుగురిలో శాపనార్థాలు పెట్టింది. ఆ తర్వాత రెండిళ్ల మధ్య రాకపోకలు లేవు. నన్ను చూడ్డానికి ఆమె రాలేదు, నన్ను ఎవరూ తీసుకెళ్లలేదు. పెద్దవాళ్ల కోపాల మధ్య పిల్ల ఒకతె ఉందన్న సంగతి ఎవరికీ పట్టలేదు. చిన్నమ్మ ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ మా నాన్నతో, “పిల్లను వాళ్ల అమ్మమ్మ ఇంటికి తోలుకపోయి వస్త” అంది. మా నాన్న ఏమీ మాట్లాడలేదు. ఆమె మళ్లీ అడగలేదు. ఆ నోరు మెదపనితనం నా బతుకులో ఉపయోగపడింది ఆ ఒక్కసారే.

ప్యాసింజర్ బండిలో వెళ్లాం. ధారూర్ దాటాక కంది చేలు, ఎర్రమట్టి. నేను కిటికీ దగ్గర కూర్చుని ఆమెతో మాట్లాడకుండా బయటికే చూశాను. తాండూరు స్టేషన్ బయట నాపరాళ్లు గోడలా పేర్చి ఉన్నాయి. హమాలీలు కన్నడంలో కేకలేసుకుంటున్నారు. ఎండ చుర్రుమంటోంది. చిన్నమ్మ చేతిసంచిలో జాకెట్లు కొలిచే టేపు, నా స్కేలు, ఫోటో, ఒక సుద్దముక్క.

అమ్మమ్మ వాకిట్లోనే ఉంది, చాటలో కందులు చెరుగుతోంది. మా అమ్మమ్మ ఎత్తయిన మనిషి. నన్ను చూడగానే చాట వదిలేసి లేచింది. నన్ను దగ్గరికి లాక్కుని నా వీపు మీదుగా చిన్నమ్మను చూసింది. ఎవరో ఆమెకు వెంటనే అర్థమైంది.

“గడప తొక్కకు!” అంది. “నా బిడ్డ సచ్చి బూడిద చల్లారకముందే గా ఇంట్లకొచ్చి కూసున్నవ్. ఇప్పుడు నా ఇంటికి వచ్చినవా? నీకు సిగ్గు లేదా? నీ మొగుడు పంపిండా? గిరాకీ పోతదని నా బిడ్డను మంచాన వదిలేసిండు వాడు. వాని దుకాణం మీద మన్నుపడ!”

వీధిలో వాళ్లు ఆగి చూస్తున్నారు. చిన్నమ్మ ఎండలోనే నిలబడింది. తలమీద కొంగు కూడా కప్పుకోలేదు. అమ్మమ్మ ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, “లోపలికి రాను పెద్దమ్మా. నీ చౌకట్టు కొలుచుకొని పోత” అంది.

“చౌకట్టా? ఓహో, ఇల్లు గూడ కావల్నా మీకు? కొలుచుకపోయి మీ పేరు మీద రాయించుకుంటరా?”

అప్పుడు మొదటిసారి చిన్నమ్మకు కోపం రావడం చూశాను. మా ఇంట్లో ఎవరు ఏమన్నా పడేది. ఆ రోజు ఆమె గొంతు ఆ వీధి చివరి దాకా వినిపించి ఉంటుంది.

“నీ ఇల్లు నువ్వే కట్టుకొని ఉండు! నీ బిడ్డ ఎంతుండెనో నీ మనుమరాలికి ఎర్క లేదు. ఎర్కనా నీకు గా సంగతి? రోజు ఏడుస్తది, గ్లాసులు ఇసిరికొడతది. వాళ్ల నాయిన నోరు తెరువడు. వాళ్ల అత్త నోరు మూయదు. నువ్వు తలుపే మూసుకుంటివి. ఇగ పిల్ల ఎవరిని అడగాలె? నన్నా? నేను చూసిననా నీ బిడ్డను?”

 నన్ను పట్టుకున్న అమ్మమ్మ చేతులు వదులయ్యాయి. ఆమె గుమ్మం ముందు నుంచి పక్కకు జరిగింది.

గడప తొక్కనని చిన్నమ్మ మాటిచ్చింది కదా, బయట కూర్చుని టేపు కింది కొసను నేలకు అదిమి పట్టింది. నేను పీట మీద ఎక్కాను. టేపు చాలలేదు, నూట యాభై దగ్గరే అయిపోయింది. అక్కడ సుద్దతో గీత పెట్టి, మళ్లీ అక్కడి నుంచి కొలిచాను. ఇంకో ముప్పై. మొత్తం నూట ఎనభై.

వాకిట్లో నాపరాయి మీద సుద్దతో లెక్క వేశాను. ఫోటోలో తొమ్మిది, ఇక్కడ నూట ఎనభై. ఫోటోలో ఒక్కటంటే ఇక్కడ ఇరవై. అమ్మ ఏడు పాయింట్ ఆరు. ఏడు ఇరవైలు నూట నలభై, మిగిలిన దానికి పన్నెండు. నూట యాభై రెండు.

 చిన్నమ్మే నూట అరవై పైన ఉంటుంది. మా మేనత్త అంతకంటే ఎక్కువ. మా మేనత్త చెప్పింది నిజం.

కాలితో ఆ అంకెలన్నీ తుడిచేశాను. “కావాలని చేసినవ్! మా అమ్మను పొట్టిది చెయ్యాలని ఇంత దూరం తోలుకొచ్చినవ్! నువ్వూ అత్తా ఒక్కటే!” అని చిన్నమ్మ మీద పడి చేతులతో కొట్టాను. అమ్మమ్మ చూస్తూనే ఉంది, ఆపలేదు. చిన్నమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది.

“లెక్క తప్పని చెప్పు, మళ్ల చేద్దాం. నచ్చలేదంటే మాత్రం నేనేం చెయ్యలేను.”

“తప్పే!”

“సరే. పెద్దమ్మా, గీ ఫోటోల చెంబు ఇంక ఉన్నదా ఇంట్ల?”

అమ్మమ్మ ఫోటో చేతిలోకి తీసుకుంది. దాన్ని ఆమె ఎప్పుడూ చూడలేదట. చూసి చూసి, లోపలికి వెళ్లి చెంబు తెచ్చి నా ముందు పెట్టింది. ఫోటోలో చెంబు సున్నా పాయింట్ ఎనిమిది. ఇరవైతో హెచ్చిస్తే పదహారు. స్కేలు పెట్టి కొలిచాను. సరిగ్గా పదహారు. స్కేలు చిన్నమ్మకు ఇచ్చేశాను.

చిన్నమ్మ లేచి, బయటి నుంచే చెయ్యి చాపి, చౌకట్టు మీద నూట యాభై రెండు దగ్గర అడ్డంగా ఒక గీత గీసింది.

అమ్మమ్మ మెల్లగా వచ్చి ఆ గీత పక్కన నిలబడింది. గీత ఆమె చెవి దగ్గరికి వచ్చింది. ఆమె చెయ్యి దానంతటదే చెవి మీదికి పోయింది.

“గింతే,” అంది. “గింతే ఉండె నా బిడ్డ. ఏదన్న గుట్టు చెప్పాలంటే మునివేళ్ల మీద లేచి నా చెవుల చెప్తుండె.”

“మరి మేం కొలవకముందే పొట్టిది అని ఎందుకు చెప్పలే?” అన్నాను ఏడుస్తూ.

“సచ్చిపోయిన పిల్లను పొట్టిది అని నా నోటితో ఎట్లంటనే?” అని చౌకట్టుకు తల ఆనించి ఏడ్చింది.

నేను వెళ్లి గీత కింద నిలబడ్డాను. నా తలకూ ఆ గీతకూ మధ్య జానెడు ఖాళీ ఉంది. అంతే, జానెడు. దూలాల దగ్గర ఉన్న అమ్మ కిందికి దిగి నా పక్కన నిలబడినట్టయింది. ఇంత చిన్న మనిషా? బియ్యం బస్తా ఇంటికీ దుకాణానికీ మధ్య ఈడ్చింది, రోజూ బావి నుంచి నీళ్లు తోడింది, ఒళ్లు కాలుతుంటే పండగ పిండివంటలు చేసింది ఇంత చిన్న మనిషా? ఆమెకు అందని ఎత్తులో అర కట్టించి, అందలేదని నవ్వుతారా? అప్పటిదాకా నా కోపం ఎటు పడితే అటు పోయేది, చిన్నమ్మ మీదికి, గ్లాసు మీదికి, లెక్క మీదికి. ఆ గుమ్మంలో మొదటిసారి అది ఎవరి మీద ఉండాలో వాళ్ల మీదికి వెళ్లింది.

అమ్మమ్మ చిన్నమ్మను లోపలికి రమ్మనలేదు. కళ్లు తుడుచుకుని, అదే చెంబు నిండా నీళ్లు తెచ్చి, “ఎండల నిలబడ్డవ్, తాగు” అంది. చిన్నమ్మ తాగింది. వాళ్లిద్దరి మధ్య అంతకుమించి ఎన్నడూ ఏమీ జరగలేదు. కానీ ఆ తర్వాత ప్రతి సెలవులకూ నన్ను తాండూరు బండి ఎక్కించడం మాత్రం చిన్నమ్మ మానలేదు.

మా మేనత్త మళ్లీ వచ్చినప్పుడు నేనే వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. “అవును, మా అమ్మ నూట యాభై రెండు సెంటీమీటర్లే. నువ్వు చూపించినట్టు నీ చంక దాకా కాదు, నీ చెవి దాకా ఉండేది. చౌకట్టు కొలిచి లెక్క చేసిన. మళ్ల చెయ్యి పెట్టి తప్పు చూపిస్తే ఊకోను” అన్నాను. ఆమె నవ్వడానికి చిన్నమ్మ వైపు చూసింది. చిన్నమ్మ బియ్యం కడుగుతూ తల ఎత్తకుండానే, “పిల్ల లెక్క సరిగ్గనే ఉన్నది వదినా” అంది. మా ఇంట్లో మళ్లీ ఎవరూ ఆ నవ్వు నవ్వలేదు.

తొమ్మిదో తరగతిలోనో పదిలోనో నేను అమ్మను దాటాను. చిన్నమ్మే కొలిచింది. కొలిచి టేపు చుట్టుకుంది. ఆ పూట నాకు ఏ పనీ చెప్పలేదు. మా నాన్న అమ్మ గురించి ఒక్క మాటైనా చెప్పకుండానే పోయాడు. పోయేముందు చెబుతాడేమోనని మంచం పక్కన కూర్చున్నాను. చెప్పలేదు. అందుకు ఆయన్ని క్షమించమని చాలామంది చెప్పారు.

తెలియని దాన్ని తెలుసుకోవాలంటే దాని పక్కన నిలబడిన తెలిసిన వస్తువును వెతుక్కోవాలని నేను ఆ రోజు నేర్చుకున్నాను. ‘ఉంటుందిలే’ అనుకుంటే కుదరదని, ఆ వస్తువు దగ్గరికే వెళ్లి కొలవాలని, వచ్చిన జవాబు నచ్చకపోయినా దాన్ని తుడిచెయ్యకూడదని కూడా. ఉద్యోగంలో, ఆసుపత్రుల్లో, భూమి తగాదాల్లో ఎవరైనా ‘చాలా’ అనీ ‘కొంచెమే’ అనీ అంటే, దేని పక్కన పెట్టి చూస్తే కొంచెం అని అడిగేదాన్ని. నాతో పని పడినవాళ్లకు అది నచ్చేది కాదు.

ఇప్పుడు నా మనుమరాలు, మీ అమ్మ ఎట్లుండేది అమ్మమ్మా అని అడుగుతుంది. దేవత అనీ, చక్కని చుక్క అనీ నేను చెప్పను. నాకు తెలిసింది చెబుతాను. నూట యాభై రెండు సెంటీమీటర్లు ఉండేది. వాళ్లమ్మకు రహస్యం చెప్పాలంటే మునివేళ్ల మీద లేచేది. మిగతాది నాకు తెలియదు, తెలిసినవాళ్లు చెప్పలేదు, వాళ్ల మీద నాకు ఇంకా కోపంగానే ఉంది అని, అదీ చెబుతాను.